సగము కోర్టు

విశ్వవిద్యాలయ మొకసారి యొసగిన పట్టము యావజ్జీవము చెల్లును. ప్రభుత్వోద్యోగి సంపాదించిన పదోన్నతి, అతడేదో ఘోరాపరాధము చేసిననే తప్ప, అతనిని విడిచిపోదు. సంగీత విద్వాంసుడు యౌవనమున ఆర్జించిన కీర్తి, వార్ధక్యమున గాత్రము సన్నగిలిన పిమ్మట కూడ, సభలో అతనికి ముందు వరుసలో ఆసనము వేయించుచునే యుండును. టెన్నిసును వృత్తిగా స్వీకరించినవారికి మాత్రము ఈ భాగ్యము లేదు. వారి ఘనతకు 52 వారముల గడువు కలదు. జనవరి మాసమున మెల్‌బోర్న్ నగరములో ఒక క్రీడాకారిణి ఏడు రౌండ్లు వరుసగా నెగ్గి, సింగిల్సు విజేతయై, 2000 ర్యాంకింగు పాయింట్లు గడించెననుకొందము. మరుసటి యేడు ఆ పోటీ తిరిగి ముగియునప్పటికి ఆ 2000 పాయింట్లును ఆమె లెక్కలోనుండి జారిపోవును. మరల గెలిచినచో మరల 2000. తొలి రౌండులోనే పరాజితురాలైనచో కేవలము 10. పాయింట్లను డిఫెండు చేసికొనుట యని ఆటగాండ్రు దీనిని వ్యవహరింతురు. వీరి కీర్తి పట్టా భూమి కాదు, కౌలు భూమి. ఏటేట కౌలు చెల్లించిననే గాని దున్నుకొను హక్కు నిలువదు.

ఈ యధ్యాయమునకు టెన్నిసు క్రీడాకారుల జీవనసరణిని విషయముగా గ్రహించుటకు కారణ మిదియే. ఈ గ్రంథమును చదువువారిలో వృత్తిగా టెన్నిసు ఆడువారు ఒక్కరైన నుందురని నేననుకొనను. ఐనను, నిన్నటి నైపుణ్యము రేపటికి చెల్లునో చెల్లదో యను శంక నేడు బ్యాంకు ఉద్యోగికిని, సాఫ్ట్‌వేరు కంపెనీలో పనిచేయు యువతికిని, సొంత వర్తకము నడుపుకొను గృహస్థునకును సమానముగా పట్టుకొన్నది. ఆ శంకతోడనే భుజించి, ఆ శంకతోడనే నిద్రింపవలసిన వృత్తి యొకటి యున్నప్పుడు, అందు ఇరువది సంవత్సరములు నిలిచినవారు ఏ యుపాయముచేత నిలిచిరో పరిశీలించుట నిష్ఫలము కాజాలదు.

వ్యక్తిత్వ వికాస గ్రంథములు సామాన్యముగా ఇట్టి సందర్భమున పట్టుదల యను గుణమును చేపట్టి, దానినే పదేపదే ప్రశంసించుచుండును. పట్టుదల గొప్పదే, సందేహము లేదు. కాని ప్రపంచ ర్యాంకింగులలో నూరవ స్థానపు దరిదాపుల ఆడు ప్రతి క్రీడాకారిణికిని అది పుష్కలముగా కలదు, లేనివారు అంతవరకు రానే రారు. అందరియందును సమానముగా నున్న గుణము ఏ యొక్కరి దీర్ఘాయువునకును ప్రత్యేక హేతువు కానేరదు. దేనిని పట్టుకొనవలెనో యెరిగినంతమాత్రమున చాలదు. దేనిని, ఏ సమయమున, ఎంతవరకు విడువవలెనో యెరుగుటయే ఇచట అసలు విద్య యని నా యభిప్రాయము. ఇందుకు నిదర్శనముగా, ముంబయిలో జన్మించి హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా వృత్తిజీవితమును తీసికొనుచున్నాను. ఆమె వస్త్రధారణమును గూర్చియు, వివాహమును గూర్చియు పత్రికలు వ్యయపరచినంత సిరాలో పదియవ వంతైన ఆమె ఆటయందలి వివేకమును గూర్చి వ్యయపరచియుండలేదు. కావున ఆ మొదటి రెండింటి జోలికి నేను పోను.

ముందుగా ఈ వృత్తియొక్క జమాఖర్చులను చూడవలెను. క్రికెటులో దేశపు జట్టున ఆడువానికి బోర్డు జీతమిచ్చును, ప్రయాణపు టిక్కెట్టు కొనియిచ్చును, గాయపడినచో వైద్యము చేయించును. టెన్నిసులో నట్లు కాదు. విమానపు ఖర్చు, హోటలు ఖర్చు, కోచ్ జీతము, ఫిజియో జీతము, రాకెట్లకు తీగలు బిగించుటకైన కూలి, ఇవన్నియు ఆటగాడే భరింపవలెను. బహుమతి ధనమన్ననో, ఎన్ని రౌండ్లు నిలిచిన అన్ని రౌండ్లకే వచ్చును. గాయముతో ఇంట కూర్చున్న వారమునకు రాబడి శూన్యము. గ్రాండ్ స్లామ్ సింగిల్సు పట్టికలో 128 మంది పేరులుండును. రెండు వారములు గడచునప్పటికి వారిలో 127 మంది ఓటమితోనే పెట్టె సర్దుకొందురు. మనలో నొక్కొక్కరు జీవితమున ఐదారుమార్లు చవిచూచు బహిరంగ పరాజయమును, వీరు వేలాది ప్రేక్షకుల సమక్షమున, అంకెలతో సహా, ఇంచుమించు ప్రతి వారమును అనుభవింతురు. గ్రాండ్ స్లామ్ పోటీలలోనికి వచ్చిన వారి మాట యిది. అంతకు క్రింది మెట్టున, ఊరు పేరు వినని పట్టణములలో, కోర్టు చుట్టును పదిమందియైన లేనిచోట, కొద్దిపాటి బహుమతి ధనమునకై ఆడువారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

సానియా ఆరవయేట రాకెట్టు పట్టెను. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు మార్గదర్శకుడు. నాటి హైదరాబాదులో మంచి హార్డుకోర్టులు దుర్లభములు. పేడతో అలికిన కోర్టులమీద ఆడి పెరిగితినని ఆమెయే పలుమార్లు చెప్పియున్నది. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్సు టైటిలును రష్యా బాలిక అలీసా క్లేబనోవాతో కలిసి గెలిచెను. 2004లో హైదరాబాదునందే జరిగిన డబ్ల్యు.టి.ఏ. (మహిళల టెన్నిసు సంఘపు) పోటీలో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్సు గెలిచెను. ఈ రెండును డబుల్సు విజయములే యని చదువరి గుర్తుంచుకొనవలెను. దీని ప్రయోజన మేమో తరువాత తెలియును. 2005వ సంవత్సరము ఆమెకు సింగిల్సున వసంతకాలము. ఆస్ట్రేలియన్ ఓపెనులో మూడవ రౌండు చేరి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడెను. మరుసటి మాసముననే హైదరాబాదులో సింగిల్సు టైటిలు గెలిచి, డబ్ల్యు.టి.ఏ. సింగిల్సు టైటిలు గెలిచిన తొలి భారత మహిళ యయ్యెను. దుబాయిలో నాటి యు.ఎస్. ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించెను, సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్ నాలుగవ రౌండు వరకు పోయెను. 2007 ఆగస్టు నాటికి ప్రపంచ సింగిల్సు ర్యాంకింగులో 27వ స్థానము నందుకొనెను. అంతకుముందు గాని ఆ తరువాత గాని మరియొక భారత మహిళ అంత యెత్తునకు చేరలేదు.

ఆమె ఆటలో బలమెచటనో బలహీనత యెచటనో ఆటనెరిగిన వారందరికిని విదితమే. ఫోర్‌హ్యాండు ఆమె బ్రహ్మాస్త్రము; బంతిని ముందుగా నందుకొని, నేలకు సమాంతరముగా, ప్రత్యర్థి కాళ్లు కదలకముందే గీతదాటించు ఆ దెబ్బకు అగ్రశ్రేణి క్రీడాకారిణులును జంకెడివారు. రెండవ సర్వీసు బలహీనము. కోర్టులో ఒక పార్శ్వమునుండి మరియొక పార్శ్వమునకు పరుగెత్తుటలో వేగము చాలదు. సర్వీసునకై ఎన్నో యేండ్లు సాధన చేసెను, వేగమునకై దేహమును ఎంతయో శిక్షించుకొనెను. కొంత మెరుగుపడెను, పూర్తిగా పోలేదు. మన వ్యక్తిత్వములోని లోపములు కూడ ప్రాయికముగా ఇట్టివే. కృషిచేత అవి తగ్గును గాని నశింపవు. లోపములన్నియు నశించిన పిమ్మట కార్యరంగమున దిగుదునని కూర్చున్నవాడు కూర్చుండియే యుండును.

2008లో మణికట్టు ఎదురుతిరిగెను. ఫోర్‌హ్యాండు మీదనే బ్రదుకు నడచువారికి మణికట్టు పోవుట యేమో వేరుగా వివరింపనేల? ఆ యేడు బీజింగు ఒలింపిక్సునందు తొలి సింగిల్సు ఆటనే నడుమ విడిచి కన్నీటితో వెలుపలికి రావలసివచ్చెను. పిమ్మట కొన్ని మాసములు గాఢమైన మనోవ్యథలో మునిగియుంటినని ఆమె దాపరికము లేక చెప్పియున్నది. మణికట్టుకును మోకాళ్లకును కలిపి మూడు శస్త్రచికిత్సలు జరిగెను. మరల సింగిల్సు ఆడెను, మరల లేచెను, మరల దేహము మొరాయించెను. తుదకు 2013లో సింగిల్సునకు స్వస్తిచెప్పి, డబుల్సునకే పరిమితురాలయ్యెను. అప్పటికి ఆమె వయస్సు 26 సంవత్సరములు.

ఈ నిర్ణయమును చదువరి తొందరపడి త్యాగమని గాని, ఓటమి యని గాని పేరు పెట్టక, ఒక్క నిమిషము కొలబద్దతో కోర్టు కొలిచి చూడవలెను. సింగిల్సు కోర్టు వెడల్పు 27 అడుగులు; డబుల్సు కోర్టు వెడల్పు 36 అడుగులు; నిడివి రెండింటికిని 78 అడుగులే. చూపునకు డబుల్సు కోర్టు పెద్దది. కాని 27 అడుగులను కాపాడువారు ఒక్కరు, 36 అడుగులను కాపాడువారు ఇద్దరు. అనగా ఒక్కొక్కరి పాలికి వచ్చునది 18 అడుగులు. పరుగెత్తవలసిన నేల మూడింట నొకవంతు తగ్గెను, కొట్టవలసిన దెబ్బ యొక్క విలువ తగ్గలేదు, పైపెచ్చు పెరిగెను. ఏలయన డబుల్సునందు ప్రత్యర్థి సర్వీసును తిప్పికొట్టు తొలిదెబ్బకే పాయింటు సగము తేలిపోవును, అట్టి దెబ్బ సానియా చేతిలో కలదు. రెండవ సర్వీసు బలహీనమైనను, వలవద్ద కాపు కాయుచు నిలిచియుండు సహచరి ప్రత్యర్థి ధైర్యమును కొంత హరించును. ఒకే మనిషి, అదే చేయి, అదే కాలు. నేల మారినంతనే లోపము సగమై గుణము రెట్టింపయ్యెను. ఇది దైవికము కాదు, గణితము.

కావున మన వృత్తిలో సన్నగిలుచున్నట్లు తోచినప్పుడు మనము వేసికొనవలసిన ప్రశ్న, నేనింకను కష్టపడవలెనా యనునది మాత్రమే కాదు. నాకున్న బలము ఏ నేలమీద ఎక్కువ చెల్లును, నాకున్న లోపము ఏ నేలమీద తక్కువ కనబడును అని కూడ ప్రశ్నించుకొనవలెను. తరగతి గదిలో నలుబదిమంది బాలురను అదుపులో పెట్టలేక నానాట కృశించుచున్న ఉపాధ్యాయుడు, పాఠ్యపుస్తకము వ్రాయుటకు కూర్చున్నచో అనన్యసామాన్యుడు కావచ్చును. కార్యాలయమునకు అధికారిగా రాణింపని యింజనీరు, అదే కార్యాలయమున చిక్కుముడి సమస్యలను విప్పు నిపుణుడుగా రాణింపవచ్చును. అధికారి పదవిని విడిచి నిపుణుని బల్లవద్దకు తిరిగిపోవుటను మన బంధువర్గము పతనమని చెప్పుకొనును. దానికి చెవియొగ్గి ముప్పది సంవత్సరములు అయిష్టముతో అధికారము చేసి, తాను కృశించి, క్రిందివారిని కృశింపజేసినవారిని నేను పెక్కుమందిని చూచియున్నాను.

ఐతే ఇచట ఒక ప్రమాదము కలదు. కష్టము తగిలిన ప్రతిసారియు నేల మార్చువాడు వివేకి కాడు, పలాయితుడు. సానియాకు డబుల్సున నేర్పున్నదని 2003లోనే, 2004లోనే తెలిసిపోయినది. ఆనాడే సింగిల్సును విడిచియుండిన నేమగును? యు.ఎస్. ఓపెన్ నాలుగవ రౌండు లేదు, 27వ ర్యాంకు లేదు. అన్నిటిని మించి, ఎవరి సాయమును లేక ఒంటరిగా కోర్టులో నిలిచి, ప్రపంచపు మేటి క్రీడాకారిణుల బంతుల నెదుర్కొని సంపాదించిన ఆ దెబ్బకు అంతటి పదును లేకపోవును. ఆమె సింగిల్సును విడిచినది దానినుండి రావలసినదంతయు వచ్చిన పిమ్మట, దేహము తన తీర్పును మూడుసార్లు శస్త్రచికిత్సల రూపమున వినిపించిన పిమ్మట. విడువదలచిన పని మనకు మిగిలిన బలమును గూడ తినివేయుచున్నదా? సింగిల్సు కొనసాగించిన మోకాలు పోయి డబుల్సును పోవును. ఇట్టి స్థితి వచ్చినప్పుడు విడుచుట న్యాయము. కేవలము విసుగు పుట్టినంత మాత్రమున న్యాయము కాదు.

పోదలచిన నేలకు తనదంటూ ఒక నిచ్చెన యుండవలెననుట మరియొక నియమము. డబుల్సునకు వేరుగా ప్రపంచ ర్యాంకింగు కలదు, వేరుగా గ్రాండ్ స్లామ్ ట్రోఫీలు కలవు, అవియు అదే వింబుల్డన్‌లో, అదే పారిస్‌లో ఆడబడును. అందు పైకెక్కవచ్చును. ఎక్కుటకేమియు లేని మూలకు పోయి కూర్చుండుట విశ్రాంతి యగును గాని వృత్తి కాదు. ఇక ధర మాట: డబుల్సునకు ప్రేక్షకులు తక్కువ, టెలివిజనులో చోటు తక్కువ, బహుమతి ధనము సింగిల్సుతో పోల్చిన బహు స్వల్పము, వచ్చినదానిని ఇద్దరు పంచుకొనవలెను. మన దేశములో డబుల్సు గెలుపును రెండవ తరగతి గెలుపుగా చూచు అలవాటొకటి కలదు. డబుల్సున పేరొందిన లియాండర్ పేస్, మహేశ్ భూపతి వంటివారిని గూడ అది విడువలేదు. ఈ ధరను ముందుగా లెక్కించుకొని అంగీకరించినవారికి తరువాత అవమానము తోచదు. లెక్కించుకొననివారు, కొత్త నేలమీద గెలిచిన దినమున కూడ, పాత నేలనే తలచుకొని నిట్టూర్చుచుందురు.

డబుల్సునందు సగము బలము సహచరిది. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన మన సమాజమున భాగస్వామ్యములు ఆరంభించుట యెరిగినంతగా నడపుటయు ముగించుటయు ఎరుగము. సానియా వృత్తిజీవితమున ఎందరితోనో జతకట్టెను. 2009లో మహేశ్ భూపతితో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్సు, 2012లో అతనితోనే ఫ్రెంచి ఓపెన్ మిక్స్‌డ్ డబుల్సు, 2014లో బ్రెజిలు దేశీయుడు బ్రూనో సోరెస్‌తో యు.ఎస్. ఓపెన్ మిక్స్‌డ్ డబుల్సు గెలిచెను. మహిళల డబుల్సులో మాత్రము గ్రాండ్ స్లామ్ చాలకాలము చేజిక్కలేదు. 2011లో ఎలెనా వెస్నినాతో ఫ్రెంచి ఓపెన్ ఫైనలు చేరి ఓడెను. 2015 మార్చిలో స్విట్జర్లాండు క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో జత కుదిరెను.

హింగిస్ చరిత్ర ఇచట ఆలోచింపదగినది. 1997లో, పదునాఱేండ్ల ప్రాయముననే, సింగిల్సున ప్రపంచ ప్రథమస్థానము నలంకరించిన అసాధారణురాలామె. ఐదు సింగిల్సు గ్రాండ్ స్లాములు గెలిచిన పిమ్మట, చీలమండల బాధచేత 22 సంవత్సరముల వయస్సుననే తొలిమారు ఆటనుండి తొలగవలసివచ్చెను. ఒకరిది మణికట్టు, ఒకరిది చీలమండ; ఇద్దరును సింగిల్సు తీరమునుండి దెబ్బతిని వచ్చినవారే. ఐనను వారిని కలిపినది సమదుఃఖము కాదు. హింగిస్‌కు బాహుబలము తక్కువ, వలవద్ద హస్తలాఘవము, బంతి యెటు పోవునో ముందే గ్రహించు దృష్టి అపారము. సానియాకు వెనుకనుండి కొట్టు బలము కలదు, ముందు వరుసలో ఆ చాకచక్యము లేదు. ఒకరికున్నది మరియొకరికి లేకుండుటయే ఆ జతకు పునాది. మనము సామాన్యముగా మన వంటి స్వభావము గలవారిని భాగస్వాములుగా నెన్నుకొందుము, ఏలయన వారితో సంభాషణ సుఖముగా నుండును. సుఖము సరే, మన లోపమే వారిలోను ఉండుటచేత ఆ పార్శ్వమున కోర్టు అనాథగా మిగిలిపోవును.

కలిసి ఆడిన తొలి మూడు పోటీలను, ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్‌లను, వారు వరుసగా గెలిచిరి. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్సు ర్యాంకింగులో ప్రపంచ ప్రథమస్థానమున నిలిచెను; భారత మహిళ కంతకుముందు ఏ టెన్నిసు ర్యాంకింగులోను ఆ స్థానము దక్కలేదు. ఆ జూలైలో వింబుల్డన్ ఫైనలు. ఎదుట రష్యా జంట ఎకతెరీనా మకరోవా, ఎలెనా వెస్నినా. నాలుగేండ్ల క్రిందట పారిస్‌లో సానియా ప్రక్కన నిలిచి ఓడిన వెస్నినాయే ఇప్పుడు వలకు ఆవలి వైపున నున్నది. తొలి సెట్టు 5-7తో పోయెను. రెండవది టై బ్రేకులో దక్కెను. మూడవ సెట్టులో 2-5తో వెనుకబడిరి. ఇంకొక్క గేము పోయిన ఆట ముగియును. అచటినుండి 5-5 చేసిరి; చీకటిపడుటచే సెంటర్ కోర్టు పైకప్పు మూయుటకై ఆట కొంతసేపు ఆగెను; తిరిగి వచ్చి 7-5తో గెలిచిరి. పైకప్పు మూయుచున్న ఆ విరామమున ఏమి మాటలాడుకొనిరో నాకు తెలియదు గాని, ఇటువంటి జంటలు కష్టసమయమున చేయు పని యొకటి కలదు, ప్రేక్షకులెల్లరు చూచునదే: ప్రతి పాయింటునకు ముందు ఇద్దరును దగ్గరకు చేరి, నోటికి అడ్డముగా బంతిని గాని రాకెట్టును గాని పెట్టుకొని, తరువాతి పాయింటును గూర్చి రెండు మాటలు మాటలాడుకొందురు. పోయిన పాయింటు ఎవరి తప్పిదమో విచారణ జరుపుటకు అచట వ్యవధి లేదు. మన యిండ్లలోను, కార్యాలయములలోను ఈ విచారణకే దినములు గడచిపోవును.

అనంతరము యు.ఎస్. ఓపెన్ 2015లోను, ఆస్ట్రేలియన్ ఓపెన్ 2016లోను ఆ జంటయే గెలిచెను. వరుసగా 41 ఆటలు ఓటమి యెరుగక గెలిచిరి. 42వదానిలో, దోహాలో, వారిని ఓడించిన జంటలో కూడ వెస్నినా యుండెను. ఈ వృత్తిలో నిన్నటి మిత్రులు ఇట్లు మాటిమాటికి ఎదురగుచుందురు, నేటి ప్రత్యర్థులు రేపటి సహచరులగుచుందురు, కావున పరుషముగా మాటలాడి తలుపులు మూసికొనువారికి ఇచట మనుగడ లేదు. ఆ నిజము త్వరలోనే వారికిని పరీక్షయై వచ్చెను. 2016 వేసవికి విజయములు పలుచబడెను. ఆగస్టులో ఇద్దరును విడిపోవుటకు నిశ్చయించుకొనిరి. కొద్ది దినములకే సిన్సినాటి పోటీ ఫైనలులో, సానియా బార్బోరా స్ట్రిట్సోవాతోను, హింగిస్ కోకో వాండెవేతోను జతగా, ఒకరికొకరు ఎదురుపడిరి! సానియా జంట గెలిచెను. అంతవరకు ఇద్దరును సమానముగా పంచుకొన్న ప్రథమస్థానము ఆమెకొక్కతెకే దక్కెను. ఇతర వృత్తులలో ఇంతటి సంఘటన జరిగిన, న్యాయస్థానములవరకు పోయెడివారు. వీరో, ఆ యేటి చివర సింగపూరులో జరిగిన డబ్ల్యు.టి.ఏ. ఫైనల్సునకు మరల జతగానే వచ్చి ఆడిరి, ఏలయన ఆ పోటీకి అర్హత సంపాదించినది ఆ జంటయే. ఫలితము చాలని భాగస్వామ్యమును ముగించుటకు ద్వేషము అవసరము లేదు; ఉమ్మడిగా చేయవలసిన పని మిగిలియుండిన దానిని ముగించుటకు ద్వేషము అడ్డు రారాదు.

సానియా మొత్తము 91 వారములు డబుల్సు ప్రథమస్థానమున నుండెను. 2017 చివర మోకాలి గాయముతో ఆట ఆగెను. 2018లో కుమారుడు జన్మించెను. ప్రసూతికైన విరామమునుండి తిరిగి వచ్చు క్రీడాకారిణులకు వారి పూర్వపు ర్యాంకింగును ఆధారముగా పోటీలలో ప్రవేశమిచ్చు నిబంధన టెన్నిసులో కలదు. నిబంధన తలుపు తెరచును, అంతవరకే. లోనికి వచ్చిన పిమ్మట బంతి ఎవరినీ మన్నింపదు. 2020 జనవరిలో హోబర్ట్ పోటీతో ఆమె తిరిగి వచ్చి, ఉక్రెయిను క్రీడాకారిణి నదియా కిచెనోక్‌తో కలిసి ఆ తొలి పోటీనే గెలిచెను. విరామము తరువాత ఉద్యోగమునకు తిరిగిరాదలచు మన స్త్రీలకు ఈ వృత్తాంతమున అనుకరింపదగినది విజయము కాదు, విజయము అందరికిని రాదు. ఆమె తిరిగి వచ్చినది తాను విడిచిన సింగిల్సునకు కాక, తనకు అనువని తేలిన డబుల్సునకే యనునది గమనింపదగినది. పునఃప్రవేశమున పూర్వపు ప్రతాపమంతయు ఒక్కసారిగా చూపవలెనను ఆరాటముతో, ఎన్నడో వదిలిన భారమును గూడ తిరిగి నెత్తికెత్తుకొనుట సాధారణముగా జరుగు పొరపాటు.

వృత్తి ముగింపును గూర్చి చెప్పవలసినది కొంచెము. 2022 జనవరిలో, ఆ సంవత్సరమే తన చివరి సంవత్సరమని ఆమె ప్రకటించెను. ఆగస్టులో మోచేతి గాయముచేత యు.ఎస్. ఓపెనుకు దూరమై, గాయము తన వృత్తికి తెర దించుటకు అంగీకరింపక, గడువును కొన్ని మాసములు పొడిగించుకొనెను. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్సు ఫైనలు వరకు పోయి ఓడెను. అప్పటి సహచరుడు రోహన్ బోపన్న, పదునాలుగేండ్ల ప్రాయమున ఆమెకు తొలి మిక్స్‌డ్ డబుల్సు సహచరుడు కూడ నతడే. ఫిబ్రవరిలో దుబాయిలో తొలి రౌండులోనే ఓడి వృత్తి టెన్నిసు ముగించెను. మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో వీడ్కోలు ప్రదర్శనపు ఆట ఆడెను. బోపన్న మరుసటి యేడు, 43 సంవత్సరముల వయస్సున, మాథ్యూ ఎబ్డెన్‌తో ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్సు గెలిచి ప్రపంచ ప్రథమస్థానము చేరెను. విరమణకు సరియైన వయస్సు ఇదియని ఎవరైన అంకె చెప్పబోయినచో ఆతని పేరు చెప్పి ఊరకుండవచ్చును.

ఈ యధ్యాయమును చదివినవారు ఒక పని చేయవలెనని కోరుచున్నాను. ఒక కాగితముమీద మీ వృత్తిని కోర్టువలె గీచి, దినమున మీరు పరుగెత్తు నేలయంతయు అందు గుర్తింపుడు. ఏ మూలకు పోయినప్పుడు ఆయాసమే తప్ప పాయింటు రాలేదో, ఏ మూలనుండి కొట్టిన దెబ్బకు ఎదుటివారు నిలువలేకపోయిరో, గడచిన సంవత్సరమునకు మాత్రమే, అంతకు వెనుకకు పోక, నిజాయితీగా వ్రాసికొనుడు. సంవత్సరమునకు మించిన ఘనతలను లెక్కలోనికి తీసికొనవలదు, అవి మనలను మభ్యపెట్టును. తరువాత, విడువదలచిన భాగమును విడిచినందున మిగులు కాలమును ఏమి చేయుదురో కూడ అదే కాగితముమీద వ్రాయుడు. మిగిలిన కాలమున విశ్రాంతి గైకొందమని వ్రాసిన తప్పు లేదు గాని, అందు కొంతభాగము మీ వృత్తి ముగిసిన పిమ్మట కావలసినదానికై కేటాయింపుడు, ఏలయన వృత్తి ముగిసిననాడు ఆరంభింపబూనిన పనికి ఓపికయు ధనమును రెండును కొరవడును. సానియా హైదరాబాదు శివారున, మొయినాబాదు సమీపమున గల ముర్తుజగూడలో తన టెన్నిసు అకాడమీని నెలకొల్పినది సింగిల్సు విడిచిన ఆ 2013వ సంవత్సరముననే; లాల్ బహదూర్ స్టేడియములో చివరి ఆట ఆడునాటికి అచట పిల్లలు ఇంచుమించు పదియేండ్లుగా బంతులు కొట్టుచునే యుండిరి.